నెట్ స్లోనా, వైఫై స్లోనా?

సెలవులకు ఇంటికి వెళ్లిన ఇంజనీరింగ్ స్టూడెంట్‌కి తప్పని వైవా ఒకటి ఉంది. "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదరా, ఈ నెట్ ఎందుకు తిరుగుతూనే ఉంటుందో కాస్త చూడు." మనది సివిల్ కావచ్చు, కెమికల్ కావచ్చు, ఇంట్లోవాళ్లకు ఆ తేడా లేదు. మనం వెళ్లి ప్లగ్ పీకి, పది లెక్కపెట్టి, మళ్లీ పెడతాం. ఓ గంట బాగానే ఉంటుంది, రాత్రికి మళ్లీ అదే గోల. అప్పుడు నాన్న నుంచి వచ్చే మాట: "వంద ప్లాన్ సరిపోవట్లేదేమో, రెండు వందలది వేయిద్దామా?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు "ముందు కొలిచి చూద్దాం నాన్నా" అనేదే. ఎందుకంటే మనం డబ్బు కట్టిన స్పీడ్ చాలాసార్లు గుమ్మం దాకా వస్తూనే ఉంటుంది. గుమ్మం నుంచి మంచం దాకా ఉన్న పది మీటర్లలో పోతుంది. అలాంటి ఇంట్లో ప్లాన్ పెంచితే బిల్లు పెరుగుతుంది గానీ మంచం దగ్గర స్పీడ్ అంతే ఉంటుంది. ప్లేస్‌మెంట్ టెస్ట్ మధ్యలో స్క్రీన్ ఆగిపోయినా, చెల్లి ఆన్‌లైన్ క్లాసులో సారు గొంతు ముక్కలైనా, పోయేది ఒక్క బిల్లు డబ్బులే కాదు కదా. అందుకే ఈ విషయం కాస్త ఓపిగ్గా చూద్దాం.

గొలుసులో సన్నటి లింకు

మనం యూట్యూబ్ వీడియో నొక్కితే ఆ డేటా చాలా దూరం ప్రయాణించి వస్తుంది. సర్వర్, అక్కడి నుంచి మన ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్, వీధి స్తంభం మీదుగా ఫైబర్, గోడకి కొట్టిన బాక్స్, బాక్స్‌కీ ఫోన్‌కీ మధ్య గాలి, చివరికి మన ఫోన్. ఇది వరసగా కలిపిన పైపుల్లాంటిది. ఎక్కడో ఒకచోట అర అంగుళం పైపు ఉంటే, మిగతావన్నీ నాలుగు అంగుళాలవైనా కొళాయిలో వచ్చేది అర అంగుళం నీళ్లే. నెట్ స్లో అని అందరం ఒకే మాట అంటాం గానీ, సన్నబడింది ఫైబరా, గాలా, ఫోనా అనేది వేరు వేరు జబ్బులు. మందులు కూడా వేరు.

కొలిచే ముందు ఒక చిన్న లెక్క. ప్లాన్‌లో రాసే 100 ఎంబీపీఎస్‌లో ఉన్నది మెగాబిట్లు. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు బ్రౌజర్ చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, వంద ప్లాన్‌లో సినిమా ఫైలు సెకనుకి 12 మెగాబైట్ల దగ్గర దిగుతుంటే అది పూర్తి స్పీడ్. "వంద అని చెప్పి పన్నెండు ఇస్తున్నారు" అని కస్టమర్ కేర్‌తో గొడవపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ గొడవలో మనం ఓడిపోతాం.

మూడు చోట్ల, రెండు పూటలా

ఒక తెల్లకాగితం తీసుకోండి. స్పీడ్ టెస్ట్ మూడు చోట్ల చేయాలి. మొదటిది, ల్యాప్‌టాప్‌ని బాక్స్ వెనక ఉన్న పోర్టుకి ల్యాన్ కేబుల్‌తో కలిపి, వైఫై ఆపేసి. రెండోది, అదే గదిలో బాక్స్‌కి రెండు మీటర్ల దూరంలో వైఫై మీద. మూడోది, ఎక్కడైతే స్లో అంటున్నారో అక్కడ, వైఫై మీదే. ఇదంతా పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. ప్రతిచోటా మూడుసార్లు చేసి మధ్యలోని అంకె రాసుకోండి. టెస్ట్ జరుగుతున్నప్పుడు హాల్లో టీవీలో సినిమా నడవకూడదు.

ఇప్పుడు ఆ ఆరు అంకెలే మాట్లాడతాయి.

కేబుల్ మీదే తక్కువ వస్తే, గాలికీ వైఫైకీ సంబంధం లేదు. తప్పు బాక్స్‌లోనో, కేబుల్‌లోనో, ఇంటి బయటో ఉంది. కేబుల్ మీద బాగుండి, బాక్స్ దగ్గర వైఫై కూడా బాగుండి, మంచం దగ్గర మాత్రమే పడిపోతే అది దూరం, గోడల సమస్య. కేబుల్ మీద బాగుండి, బాక్స్ పక్కన నిలబడినా వైఫై తక్కువగా ఉంటే బ్యాండ్, ఛానెల్, సెట్టింగ్స్ లేదా ఫోన్ పాతదనం చూడాలి. పొద్దున బాగుండి రాత్రి కేబుల్ మీద కూడా పడిపోతే, కంపెనీ లైన్ మీద జనం ఎక్కువయ్యారని అర్థం. రాత్రి కేబుల్ మీద బాగానే ఉండి వైఫై మాత్రమే పడిపోతే, పక్కింటివాళ్ల వైఫైలు అందరివీ ఆ టైంలోనే గట్టిగా పనిచేస్తున్నాయి.

ఒకే చోట ఫోన్‌లో 90 వచ్చి ల్యాప్‌టాప్‌లో 20 వస్తోందా? అప్పుడు రూటర్‌ని తిట్టొద్దు. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు పాతదేమో, వెనకాల విండోస్ అప్‌డేట్ దిగుతోందేమో, కాలేజీ పనికి వేసుకున్న వీపీఎన్ ఇంకా ఆన్‌లో ఉందేమో చూడండి.

ఇంకొక గమ్మత్తైన అంకె 94. ప్లాన్ 200 అయి ఉండి, కేబుల్ మీద ఎన్నిసార్లు కొలిచినా 94 దగ్గరే అతుక్కుపోతుంటే, లింకు గిగాబిట్‌కి బదులు 100 మెగాబిట్‌కి కుదిరిందని దాదాపు ఖాయం. గిగాబిట్ ఈథర్‌నెట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. ఒక్క తీగ తెగినా, క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా రెండు వైపులా మాట్లాడుకుని కిందికి దిగి సర్దుకుంటాయి. ఏ ఎర్రర్ మెసేజూ రాదు. కేబుల్ మార్చి, పోర్టు మార్చి చూడండి. కొన్ని బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి. ప్లాన్ పెంచాక కూడా తేడా కనపడని ఇళ్లలో ఇదొక కారణం.

తప్పు బయట ఉంటే

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజు. అందులో వెలుతురు పోతుంది. దాన్ని మరీ మెలితిప్పి వంచితే వెలుతురు వంపు దగ్గర బయటికి కారిపోతుంది. బీరువా వెనక్కి నెట్టినప్పుడు నలిగిన పసుపు లేదా తెల్ల తీగ, తలుపు సందులో రోజూ నలిగే తీగ, అందంగా ఉంటుందని చిన్న చుట్టగా చుట్టి టేపు వేసిన తీగ ఉన్నాయేమో చూడండి. మన అరచేయి వెడల్పుకి తగ్గకుండా చుట్ట ఉంటే మంచిది. బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగితే వెలుతురు అసలు రావట్లేదని అర్థం, అప్పుడు రీస్టార్ట్ చేసి ఉపయోగం లేదు. కొన్ని బాక్సుల్లో అడ్మిన్ పేజీలో ఆప్టికల్ పవర్ ఎంతో చూపిస్తుంది. అది మైనస్ 27 డీబీఎం దగ్గరికి దిగిందంటే అంచున నడుస్తోందన్నమాట. ఆ అంకె చెప్పి లైన్‌మ్యాన్‌ని పిలవండి. ఫైబర్ చివరని ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని చూడొద్దు. ఆ లేజర్ కంటికి కనపడదు, కానీ కంటికి మంచిది కాదు.

కంప్లయింట్ ఇచ్చేటప్పుడు "మా నెట్ స్లోగా ఉందండీ" అంటే అవతలివాళ్లు "ఒకసారి రీస్టార్ట్ చేయండి" అంటారు. "ల్యాన్ కేబుల్ మీద పొద్దున 96 వస్తోంది, రాత్రి తొమ్మిదికి 22 వస్తోంది, మూడు రోజులుగా ఇదే" అంటే మాట వేరే దారిలో వెళ్తుంది. మన కాగితం మొదట పనికొచ్చేది ఇక్కడే.

బాక్స్ ఎక్కడ కూర్చుంది?

కనెక్షన్ ఇచ్చిన రోజు తీగ ఎక్కడిదాకా వచ్చిందో బాక్స్ అక్కడే బిగిస్తారు. మన ఇళ్లలో అది చాలాసార్లు గుమ్మం పక్కన మూల, లేదా టీవీ వెనక, లేదా కనపడకూడదని షోకేస్‌లో, అటక మీద. అన్నీ చెడ్డ చోట్లే. రేడియో తరంగానికి ఇనుము గోడలాంటిది. స్టీలు బీరువా, ఫ్రిజ్, గ్రిల్, రేకుల షెడ్డు, చివరికి వెనక మెరుగు పూత ఉన్న నిలువుటద్దం కూడా తరంగాన్ని వెనక్కి కొడతాయి. నీళ్లు మింగేస్తాయి. అక్వేరియం అందంగానే ఉంటుంది, దాని వెనక రూటర్ పెట్టకపోతే చాలు. శ్లాబులో కాంక్రీటుతో పాటు ఇనుప చువ్వల జాలీ ఉంటుంది, అందుకే కింద పోర్షన్‌లో బాక్స్ ఉంటే పై పోర్షన్‌లో పుల్లలు మాయమవుతాయి.

ఇల్లు మొత్తానికి మధ్యలో, ఛాతీ ఎత్తులోనో కాస్త పైనో, చుట్టూ ఖాళీగా ఉండేలా పెట్టడమే పరిష్కారం. దీనికి పది మీటర్ల ల్యాన్ కేబుల్ చాలు. ఫైబర్ బాక్స్ గుమ్మం దగ్గరే ఉండనిచ్చి, కేబుల్ లాగి వైఫై రూటర్‌ని మధ్య గదికి తెచ్చుకోవచ్చు. యాంటెన్నాలు నిలువుగా ఉంచండి. నిలువు యాంటెన్నా నుంచి తరంగం చుట్టుపక్కలకి ఎక్కువగా, నెత్తిమీదికి తక్కువగా పోతుంది.

సిగ్నల్‌ని పుల్లలతో లెక్కపెట్టకండి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ రకం యాప్ వేసుకుంటే డీబీఎంలో చూపిస్తుంది. మైనస్ 50 అంటే చాలా బాగు. మైనస్ 65 వరకు వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 75 దాటితే ఇబ్బంది మొదలు. ఇది లాగరిథమ్ కొలత అని గుర్తుంది కదా, మైనస్ 60 నుంచి మైనస్ 70కి వచ్చామంటే పవర్ పదోవంతుకి పడిపోయినట్టు.

అలా పడితే స్పీడ్ ఎంత పోతుంది? క్లాడ్ షానన్ 1948లో ఇచ్చిన సూత్రం ఇక్కడే పనికొస్తుంది. ఛానెల్ మోయగల గరిష్ఠ వేగం దాని వెడల్పు మీదా, సిగ్నల్‌కీ నాయిస్‌కీ ఉన్న నిష్పత్తి మీదా ఆధారపడుతుంది. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో సిగ్నల్ నాయిస్ కంటే 30 డీబీ పైన ఉంటే ఒక్క స్ట్రీమ్‌కి హద్దు సుమారు 200 మెగాబిట్లు. అదే 10 డీబీకి పడితే సుమారు 69. ఏ కంపెనీ రూటరైనా, ఎంత ఖరీదుదైనా ఈ హద్దు దాటలేదు. ఆ నిష్పత్తిని పెంచే అతి చవకైన మార్గం బాక్స్‌ని బీరువా వెనక నుంచి బయటికి తీయడం.

గాలి అందరిదీ

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. ఆ సౌకర్యమే దాని కష్టం కూడా. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే. ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. అమ్మ పాలు వేడిచేసినప్పుడల్లా కాల్ కట్ అవుతోందంటే అది మూఢనమ్మకం కాదు. ల్యాప్‌టాప్‌కి పెట్టిన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కూడా ఈ బ్యాండ్‌లో రొద చేస్తుంది. దాన్ని కాస్త దూరం జరిపి చూడండి.

బ్యాండ్ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా పట్టేవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఇరవై రూటర్లుంటే, ఆ ఇరవై ఈ మూడు ఛానెళ్లలో సర్దుకోవాలి. వైఫైలో ప్రతి పరికరమూ మాట్లాడే ముందు గాలిని వింటుంది. ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. వీధి కొళాయి దగ్గర బిందెల వరసలాగే, ఎంతమంది ఉంటే అంత నిరీక్షణ. పక్కింటి వైఫై పాస్‌వర్డ్ మన దగ్గర లేకపోయినా, ఛానెల్ ఒకటే అయితే వరస మాత్రం ఒకటే.

ఆ వరసలో పెద్ద బిందెవాడి సంగతి ఇంకోటి. ఒక మెగాబైట్ డేటా 130 మెగాబిట్ల లింకు మీద సెకనులో పదహారో వంతులో పోతుంది. మూల గదిలో సిగ్నల్ అందక 6.5 మెగాబిట్లకు దిగిపోయిన పాత ఫోన్‌కి అదే డేటాకి సెకను పైన పడుతుంది. అంటే ఇరవై రెట్లు ఎక్కువసేపు గాలిని పట్టుకుంటుంది. అంతసేపూ రూటర్ పక్కనే కూర్చున్న మన కొత్త ఫోన్ ఎదురుచూస్తుంది. కాబట్టి దూరంగా ఉన్న పరికరానికి మంచి సిగ్నల్ ఇస్తే ఇంట్లో అందరికీ లాభమే.

ఇప్పుడు సెట్టింగ్స్. 2.4లో ఛానెల్ 1, 6, 11లలో ఏది ఖాళీగా ఉందో యాప్‌లో చూసి అది పెట్టండి. 3, 4 లాంటివి పెడితే రెండు వైపులవాళ్లతోనూ గొడవే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లోనే ఉంచండి. 40 పెడితే బ్యాండ్‌లో సగం మనమే ఆక్రమించి, అందరి రొదనూ మనమే వింటాం. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. పాత డబ్ల్యూఈపీ లేదా టీకిప్ పెట్టి ఉంటే భద్రత పోవడం ఒక్కటే కాదు, ఆ పద్ధతుల్లో లింకు 54 మెగాబిట్లు దాటదు.

5 గిగాహెర్ట్జ్ ఈ ఇరుకు నుంచి బయటపడే దారి. 2018లో మన ప్రభుత్వం ఈ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. 2.4తో పోలిస్తే ఏడు రెట్ల చోటు. పైగా గోడలు దీన్ని ఎక్కువ అడ్డుకుంటాయి కాబట్టి పక్కింటి గొడవ మన దాకా తక్కువగా వస్తుంది. మనది కూడా పక్క గదికి అంతే తక్కువగా వెళ్తుంది, అది మరచిపోవద్దు. ఒకే గదిలో ఉన్న టీవీ, ల్యాప్‌టాప్ 5లో ఉంచి, దూరపు గదుల ఫోన్లు, సీసీ కెమెరా, స్మార్ట్ బల్బులు 2.4లో ఉంచడం మామూలు ఇళ్లకు సరిపోయే పంపకం.

స్పీడ్ బాగుంది, కాల్ మాత్రం తెగుతోంది

స్పీడ్ టెస్ట్‌లో 95 వస్తుంది, వీడియో కాల్‌లో మాత్రం మనిషి బొమ్మలా బిగుసుకుపోతాడు. ఇక్కడ లోపం వేగంలో కాదు, ఆలస్యంలో. ఇంట్లో ఎవరి ఫోనో వెయ్యి పెళ్లి ఫోటోలు గూగుల్ ఫోటోస్‌కి ఎక్కిస్తుంటే, బాక్స్‌లో ప్యాకెట్ల క్యూ పెరిగిపోతుంది. మన గొంతు ప్యాకెట్ చిన్నదే, కానీ ఆ క్యూ చివర నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

పట్టుకోవడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక కిటికీలో రూటర్ అడ్రస్‌కి, అంటే 192.168.1.1 లాంటి దానికి, ఇంకో కిటికీలో 8.8.8.8కి పింగ్ నడపండి. రూటర్‌కి పింగే పదుల నుంచి వందల మిల్లీసెకన్లకు ఎగురుతుంటే గాలిలో తంటా. రూటర్‌ది నాలుగైదు దగ్గర నిలకడగా ఉండి, బయటి పింగ్ మాత్రం ఎవరైనా అప్‌లోడ్ మొదలుపెట్టగానే పెరిగితే క్యూ సమస్య. రూటర్‌లో క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎం ఉంటే, పరిమితిని అసలు స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెట్టండి. లేకపోతే బ్యాకప్‌లు రాత్రి పడుకున్నాక నడిచేలా మార్చండి, ఖర్చేమీ లేదు.

డబ్బు ఎప్పుడు పెట్టాలి?

నెట్‌ఫ్లిక్స్ తన లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 మెగాబిట్లు చాలంటుంది. నలుగురూ నాలుగు గదుల్లో హెచ్‌డీ చూసినా 20. కాబట్టి కేబుల్ మీద వంద నిండుగా వస్తున్న ఇంట్లో ప్లాన్ పెంచడం చివరి మాట కావాలి. పెద్ద గేమ్‌లు, పెద్ద ఫైళ్లు రోజూ దించుకునేవాళ్లుంటే అప్పుడు ఆలోచించొచ్చు.

రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ లేకపోతే మార్చడం మంచి ఖర్చు. ఇల్లు పెద్దదై రెండో గది అందకపోతే రిపీటర్ కొనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నీ విని మళ్లీ అదే గాలిలో చెబుతుంది కాబట్టి స్పీడ్ సగానికి పడుతుంది. కొన్నా, సిగ్నల్ చచ్చిపోయిన గదిలో పెట్టొద్దు. బాక్స్‌కీ ఆ గదికీ సగం దారిలో పెట్టాలి. అంతకంటే మేలు, కేబుల్ లాగి ఇంట్లో పడి ఉన్న పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడటం. దాని అడ్రస్ 192.168.1.2 లాగా మెయిన్ రూటర్‌తో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులో పెట్టండి. ఛానెల్ వేరుగా ఇవ్వండి. పై పోర్షన్‌కి ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

పరీక్ష రోజు

ఆన్‌లైన్ టెస్ట్ ఉన్న రోజు ఇవేవీ సరిచేసే టైం ఉండదు. ముందురోజు అదే సమయానికి, అదే కుర్చీలో పది నిమిషాలు పింగ్ నడిపి చూడండి. టెస్ట్‌కి వీలైతే కేబుల్ వాడండి. కేబుల్‌కి బీరువా అడ్డు రాదు, పక్కింటి ఛానెల్ అడ్డు రాదు. ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు, డ్రైవ్ సింక్ ఆపేయండి. ఫోన్ డేటా హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ ముందే ల్యాప్‌టాప్‌లో ఒకసారి కలిపి ఉంచండి. అయితే టెస్ట్ నియమాలు దాన్ని ఒప్పుకుంటాయో లేదో ముందే చదవండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, బాక్స్‌కి ఉండదు. ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో ఓసారి మెయిన్ ఆపి చూసుకోండి. ఫైబర్ బాక్స్, రూటర్ వేరువేరుగా ఉంటే రెండూ ఆ లైన్ మీదే ఉండాలి. చాలామంది రూటర్ ఒక్కటే పెట్టి ఫైబర్ బాక్స్ సంగతి మరచిపోతారు. అప్పుడు వైఫై పుల్లలు నిండుగా కనపడతాయి, నెట్ మాత్రం ఉండదు.